దుకాణం గడప దాటని తాళం

పురుగుమందులు అమ్మే వ్యాపారి సరుకును ప్రత్యేకమైన గదిలోనో, తాళం వేసిన బీరువాలోనో ఉంచాలని 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనలు చెబుతున్నాయి. అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. రిజిస్టరు రాయాలి. తనిఖీకి వచ్చిన అధికారికి నిల్వల లెక్క చూపాలి. అదే సీసా రైతు చేతిసంచిలో పడి ఊళ్లోకి వచ్చాక చట్టం దాన్ని పట్టించుకోదు. రెండు గదుల ఇంట్లో అటక మీదో, మంచం కిందో, పశువుల కొట్టం చూరులోనో దానికి చోటు దొరుకుతుంది. ఆ పక్కనే బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాల సంచి ఉంటాయి. పత్తికి, మిరపకు కొట్టగా మిగిలిన అరసీసా మందు వచ్చే సీజను దాకా అక్కడే ఉంటుంది. అమ్మే చోట తాళం లేకపోతే ప్రమాదమని గుర్తించిన ప్రభుత్వాలు, అదే వస్తువు కుటుంబం నడుమ నెలల తరబడి పడి ఉండే చోట తాళం సంగతే తలపెట్టలేదు. అరశతాబ్దం దాటిన ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతమంది ప్రాణాలతో చెల్లించారో లెక్క కట్టడం కష్టమేమీ కాదు.

జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అందులో దాదాపు నాలుగో వంతు మరణాలకు కారణం విషం. లక్ష జనాభాకు ఆత్మహత్యల జాతీయ సగటు 12.4 ఉంటే తెలంగాణలో అది 26.3. ఆంధ్రప్రదేశ్ కూడా జాతీయ సగటుకు పైనే ఉంది. సాగు రంగంలో ఆ ఏడాది ప్రాణాలు తీసుకున్నవారు, రైతులూ కూలీలూ కలిపి, 11,290 మంది. ఈ చివరి సంఖ్య మీద శాసనసభల్లో ఏటా వాగ్వాదం జరుగుతుంది. కానీ పురుగుమందు వల్ల పోయిన ప్రాణాలన్నీ ఆ లెక్కలోకి రావు. భర్తతో మాటామాటా అనుకున్న ఇల్లాలు, పరీక్ష తప్పిన కుర్రాడు, ప్రేమ సంగతి ఇంట్లో తెలిసి తిట్లు తిన్న ఆడపిల్ల, జబ్బు భరించలేని ముసలాయన... వీరెవరూ రైతు ఆత్మహత్యల పట్టికలో కనిపించరు. వీరి చేతికి అందింది మాత్రం పొలం కోసం తెచ్చిన సీసాయే. రైతు అప్పు మీద జరగవలసిన చర్చ ఎంత అవసరమో, ఆ ఇంటి అటక మీద ఏముందన్న చర్చ అంతే అవసరం. రెండోది మన ప్రజాజీవితంలో జరగనే లేదు.

దీనికి మన మాట కూడా కొంత కారణమేమో. ‘మందు’ అంటే జ్వరానికి వేసుకునేది, పైరుకు కొట్టేది. పురుగుల మందు, గడ్డి మందు, ఎలుకల మందు అన్నీ ఆ ఒక్క పేరు కిందే ఇంట్లోకి వచ్చాయి. హరిత విప్లవం నాటి నుంచి ప్రభుత్వమే ప్రచారం చేసి, అప్పు ఇప్పించి, దుకాణాలు తెరిపించి వాటిని ఊళ్లకు చేర్చింది. అంతటి విషం తరతరాల పొదుపు సంసారంలోకి చొరబడిందన్న స్పృహ కలగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ స్పృహ కలిగించవలసినవారు వ్యవసాయ శాఖ, వైద్య ఆరోగ్య శాఖ. ఒకరు దిగుబడి చూసుకున్నారు, ఇంకొకరు ఆసుపత్రి గేటు దగ్గరికి అంబులెన్సు వచ్చేదాకా ఎదురు చూశారు.

చావాలనుకున్నవాడు ఏదో ఒక దారి వెదుక్కుంటాడని, సీసా దాచిపెడితే ఆగుతాడా అని అడిగేవారు చాలామంది. అధికారుల్లోనూ ఈ నమ్మకం బలంగా ఉంది. దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకుండా ఆధారాలతో పరిశీలించాలి. ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో ఆత్మహత్యాయత్నం తర్వాత చికిత్స పొందుతున్నవారిని వైద్యులు అడిగినప్పుడు, ఆ ఆలోచన వచ్చిన క్షణానికీ ప్రయత్నానికీ మధ్య పది నిమిషాలు కూడా గడవలేదని దాదాపు సగం మంది చెప్పారు. అంటే చాలామందిలో ఆ తీవ్రత పొంగి చల్లారేది నిమిషాల్లో. ఆ నిమిషాల్లో చేతికి ఏది అందుతుందన్న దాని మీదే ప్రాణం నిలవడమో పోవడమో ఆధారపడి ఉంటుంది. బ్రిటన్‌లో 1960లలో వంటింటి బొగ్గు గ్యాస్ స్థానంలో విషం తక్కువగా ఉండే గ్యాస్ వచ్చింది. ఆత్మహత్యల మీద ఆలోచనతో చేసిన మార్పు కాదది. అయినా 1963లో ఇంగ్లండ్, వేల్స్‌లో 5,714గా ఉన్న ఆత్మహత్యల సంఖ్య 1975 నాటికి 3,693కు పడిపోయింది. గ్యాస్ దారి మూసుకుపోయినవాళ్లలో ఎక్కువమంది మరో దారి వెదుక్కోలేదు. బతికారు.

తుపాకుల దేశాలూ ఇదే నేర్చుకున్నాయి. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అక్కడ తుపాకీ హక్కు మీద రాజకీయం ఎంత కరడుగట్టినా, మానసికంగా కుంగిన వ్యక్తి ఇంట్లో కొన్నాళ్లపాటు తుపాకీ లేకుండా చూడాలన్న మాటకు దుకాణదారులు, వైద్యులు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. కొలరాడోలో 2019లో ఒక పటం తయారైంది. తుపాకీని తాత్కాలికంగా భద్రపరచి తర్వాత తిరిగి ఇచ్చే దుకాణాలు, పోలీసు ఠాణాలు ఎక్కడున్నాయో అది చెబుతుంది. ఇజ్రాయెల్ సైన్యం అనుభవం ఇంకా స్పష్టమైనది. యువ సైనికులు వారాంతపు సెలవుకు ఇంటికి వెళ్లేటప్పుడు రైఫిల్‌ను స్థావరంలోనే వదిలి వెళ్లాలని 2006లో ఆదేశించారు. వారిలో ఆత్మహత్యలు దాదాపు 40 శాతం తగ్గాయి. తగ్గుదల కనిపించింది ఎక్కువగా వారాంతాల్లోనే. వారంలో మిగతా రోజుల్లో అవి పెరగలేదు కూడా. తుపాకీ దూరమైన రోజుల్లో ఆ యువకులు మరో మార్గం కోసం వెదకలేదన్న మాట.

మనకు ఆ దేశాలతో పోలిక దూరం. శ్రీలంకతో పోలిక దగ్గర. మన లాగే వరి, మన లాగే చిన్న కమతం, మన లాగే ఊరి దుకాణంలో సులువుగా దొరికే మందు. 1995లో ఆ దేశంలో లక్షకు 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. పారాథియాన్, మిథైల్ పారాథియాన్‌లను 1984లో, మోనోక్రోటోఫాస్, మెథామిడోఫాస్‌లను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో, పారాక్వాట్ సహా మరి మూడింటిని 2008 నుంచి 2011 మధ్య ఆ దేశం దశలవారీగా తొలగించింది. ఆత్మహత్యల రేటు రెండు దశాబ్దాల్లో 70 శాతం పడిపోయింది. ఈ నిషేధాల వల్ల 1995-2015 మధ్య దాదాపు 93,000 ప్రాణాలు నిలిచాయని పరిశోధకుల అంచనా. అక్కడ మందు తాగి ఆసుపత్రికి వచ్చేవారి సంఖ్య ఆ స్థాయిలో తగ్గలేదన్నది ఇందులో గమనించవలసిన సంగతి. గొడవలు, అప్పులు, అవమానాలు అక్కడా ఉన్నాయి. తాగిన మందు తక్కువ విషం కలది కావడంతో వైద్యుడికి వారిని బతికించే వ్యవధి దొరికింది. వరి దిగుబడి పడిపోతుందన్న భయమూ నిజం కాలేదు. బంగ్లాదేశ్ 2000లో అత్యంత విషపూరిత తరగతి మందులను తొలగించాక, దక్షిణ కొరియా 2012లో పారాక్వాట్ అమ్మకాన్ని ఆపాక, ఫలితం ఇదే దిశలో వచ్చింది.

ఇక భద్రపరచడం సంగతి. దీన్ని ఊరికే మెచ్చుకుంటే చాలదు, ఏది పనిచేసిందో ఏది చేయలేదో చెప్పాలి. శ్రీలంకలోనే అనురాధపుర జిల్లాలో 180 గ్రామాల్లో యాభై వేలకు పైగా కుటుంబాల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. సగం గ్రామాల్లో ఇంటింటికీ తాళం పెట్టె ఇచ్చారు. ఆత్మహత్యాయత్నాలు తగ్గలేదు. 2017లో వెల్లడైన ఈ ఫలితం ఎవరికైనా నిరాశే. కారణం ఊహించలేనిది కాదు. పెట్టె ఇంట్లోనే ఉంది, తాళంచెవి ఇంట్లోనే ఉంది. కోపంలోనో దుఃఖంలోనో ఉన్న మనిషి నాలుగడుగులు వేస్తే చాలు.

తమిళనాడు కడలూరు జిల్లా కాట్టుమన్నార్‌కోయిల్ ప్రాంతంలో చెన్నైకి చెందిన స్నేహ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో చేసిన ప్రయోగం ఇందుకు భిన్నం. అక్కడ మందును ఇంటి నుంచే బయటికి పంపారు. రెండు గ్రామాల్లో ఊరుమ్మడి నిల్వ గది కట్టి, లోపల రైతుకొక లాకరు ఇచ్చారు. బ్యాంకు లాకరు మాదిరిగా ఒక తాళంచెవి రైతు దగ్గర, మరొకటి గది చూసుకునే మనిషి దగ్గర. మందు కొట్టే రోజున రైతు వచ్చి కావలసినంత తీసుకువెళ్తాడు, మిగిలింది తెచ్చి పెడతాడు. కట్టే ముందు ఆ రైతులనే అడిగి, వారికి అనువైన తీరులో ఏర్పాట్లు చేశారు. పోలిక కోసం ఎంచుకున్న, ఇలాంటి గది లేని మరో రెండు గ్రామాలతో చూస్తే, గది ఉన్న ఊళ్లలో పురుగుమందు సంఘటనలు బాగా తగ్గాయి. నాలుగు గ్రామాల అనుభవం దేశం మొత్తానికి రుజువు కాదు. ఆ మాట పరిశోధకులకూ తెలుసు. అయినా తెల్లవారుజామున మందు తీసుకునేందుకు వచ్చిన రైతు ముఖం చూసి ‘ఏం అన్నా, ఒంట్లో బాగోలేదా’ అని అడిగే ఒక మనిషి అక్కడ ఉన్నాడు. దూరం, తాళం, పలకరింపు. ఈ మూడూ ఒకచోట చేరడమే ఆ గది సాధించింది.

ఇంత తెలిసినా ఢిల్లీలో జరిగిందేమిటి? మోనోక్రోటోఫాస్ కథ ఒక్కటి చాలు. ఇది మనిషికి ప్రమాదమని తెలిసి, కూరగాయలపై వాడవద్దని 2005లోనే కేంద్రం ఆదేశించింది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆగ్నేయాసియా కార్యాలయం దీని మీద ప్రత్యేకంగా నివేదిక ఇచ్చి, నిషేధం గురించి ఆలోచించమని భారత్‌కు సూచించింది. 2013 జులైలో బిహార్‌లోని ఛప్రా దగ్గర ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిన్న 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ అన్నంలో ఉన్నది ఇదే మందు. ఆ ఏడాదే 66 మందులను సమీక్షించేందుకు అనుపమ్ వర్మ కమిటీ వేశారు. కమిటీ నివేదిక ఆధారంగా 2018లో 18 మందులను తొలగించే ఆదేశం వచ్చింది. మోనోక్రోటోఫాస్ అందులో లేదు. 2020లో మరో 27 మందుల నిషేధానికి ముసాయిదా తెచ్చారు. అభ్యంతరాలు, కొత్త కమిటీలు, పునఃపరిశీలనలు జరిగాక 2023లో పూర్తి నిషేధానికి నిలిచినవి మూడే. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణం నాలుగోది. దానికి కూడా ఉన్న నిల్వలు అమ్ముకోవడానికి గడువు ఇచ్చారు. శ్రీలంక 1995లో చేసిన పనిని మనం చేయడానికి 28 ఏళ్లు పట్టింది. ఆ 28 ఏళ్లలో వరంగల్, అనంతపురం, గుంటూరు, ఆదిలాబాద్ ఆసుపత్రుల్లో ఆ మందు తాగి వచ్చినవారికి రాత్రంతా అట్రోపిన్ ఎక్కిస్తూ గడిపిన వైద్యులకు ఈ జాప్యానికి సంజాయిషీ చెప్పేవారు లేరు.

గడ్డి మందు పారాక్వాట్ విషయంలో జరిగింది ఇంకా దారుణం. దీనికి విరుగుడు లేదు. ఎలుకల మీద పరీక్షల ఆధారంగా వేసే ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో ఇది మధ్యస్థ ప్రమాదకర తరగతిలో ఉంది. మనిషి విషయంలో ఆ వర్గీకరణ ఎంత తప్పుదారి పట్టిస్తుందో ఏ అత్యవసర విభాగంలో అడిగినా చెబుతారు. తాగిన మనిషి స్పృహలోనే ఉంటాడు. మరునాడు పశ్చాత్తాపపడి, నన్ను బతికించండని చేతులు పట్టుకుంటాడు. వైద్యుడి చేతిలో ఏమీ ఉండదు. స్విట్జర్లాండ్ దీన్ని 1989లోనే నిషేధించింది. ఐరోపా సమాజంలో 2007లో న్యాయస్థానం దీని అనుమతిని కొట్టేసింది. తెలంగాణలో కొందరు వైద్యులు సంఘంగా ఏర్పడి, దీన్ని తొలగించమని ప్రభుత్వాలను అడిగారు. మన 2020 ముసాయిదాలోని 27 పేర్లలో పారాక్వాట్ కనిపించదు.

రాష్ట్రాలు చేతులు కట్టేశారని చెప్పుకుంటున్నాయి. అందులో కొంత నిజం ఉంది. 1968 క్రిమిసంహారకాల చట్టం రాష్ట్రాలకు ఇచ్చింది అరవై రోజుల తాత్కాలిక నిషేధాధికారం, ఆపైన స్వల్ప పొడిగింపు. శాశ్వత అధికారం కేంద్రానిదే. దాన్ని మార్చడానికి 2008లో ఒక బిల్లు, 2020లో మరో బిల్లు పార్లమెంటుకు వచ్చాయి. రెండూ చట్టాలు కాలేదు. అయినా 2011లో కేరళ 14 మందుల అమ్మకాన్ని ఆపింది. ఆ జాబితాలో మోనోక్రోటోఫాస్, పారాక్వాట్ రెండూ ఉన్నాయి. తమిళనాడు ఆరు మందులను అరవై రోజులు నిలిపి, పసుపు భాస్వరంతో చేసే ఎలుకల మందు పేస్టును శాశ్వతంగా నిషేధించింది. చట్టం ఇరుకైనదే. ఆ ఇరుకులోనే ప్రాణాలు కాపాడే పని చేయవచ్చని పొరుగు రాష్ట్రాలు చూపించాయి. తెలుగు రాష్ట్రాలను ఇన్నాళ్లు పాలించిన ఏ పార్టీ ప్రభుత్వమూ దీన్ని తన ప్రాథమ్యంగా తీసుకోలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి గౌరవంగా సమాధానం చెప్పాలి. సీసాకు తాళం వేసి రైతు అప్పును మరుగుపరచవద్దని రైతు సంఘాలవారు అంటారు. ఆ భయానికి కారణం ఉంది. 1997-98లో వరంగల్ పత్తి రైతుల చావులప్పుడు మానసిక దౌర్బల్యం, తాగుడు అంటూ నెపాలు వెదికినవారిని ఈ సమాజం చూసింది. రైతు ఆత్మహత్యలకు పరిహారం కోసం 2004లో వచ్చిన 421వ నంబరు జీవో ప్రకారం డివిజను స్థాయి త్రిసభ్య కమిటీ చేసే విచారణలో కౌలు రైతు కుటుంబాలు కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోవడం నేటికీ కనిపిస్తుంది. గిట్టుబాటు ధర, సంస్థాగత రుణం, కౌలుదారుకు గుర్తింపు లేకుండా రైతు కష్టం తీరదు. దానికి తాళంచెవి ప్రత్యామ్నాయం అని ఎవరన్నా అంటే వారిని మేమూ నిలదీస్తాం. కానీ అప్పు తీరేదాకా ఆ రైతు బతికుండాలి. రుణమాఫీకి అర్హత పొందినవాడు అది ఖాతాలో పడే రోజు చూడాలి. అతని భార్యకు, కూతురికి అప్పు పత్రం మీద పేరు లేదు, అటక మీది సీసా మాత్రం వారికీ అందేంత దూరంలోనే ఉంది. ఈ రెండు పోరాటాలూ ఒకదానికొకటి పోటీ అనుకున్నంత కాలం నష్టపోయేది ఆ ఇల్లే.

మందే లేకుండా పంట పండించిన ఊళ్లు మన మధ్యే ఉన్నాయన్నదీ మరవకూడదు. పాల్వంచ మండలం పునుకుల 2000ల తొలినాళ్లలో పురుగుమందులు మానేసి, ఊరంతా కలిసి వేపకషాయంతో పత్తి పండించింది. జనగామ ప్రాంతపు ఏనెబావి అదే దారిన నడిచింది. ఆ ఊళ్ల అనుభవాన్ని మహిళా సంఘాల ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో లక్షల ఎకరాలకు విస్తరించారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సాగు కార్యక్రమంగా అది ఎదిగింది. ఇంట్లో విషం లేకుండా చేసే నికరమైన మార్గం ఇదే. దానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా సీసాలు వస్తూనే ఉంటాయి.

ఈలోగా చేయవలసిన పనికి గోడలు ఇప్పటికే లేచి ఉన్నాయి. తెలంగాణ 2,601 రైతు వేదికలు కట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో 10,778 రైతు భరోసా కేంద్రాలు ఏర్పడ్డాయి, పేరు మారి ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు. సహకార సంఘాల గోదాములు అదనం. కొత్త భవనం కట్టనక్కర్లేదు, కొత్త శాఖ పెట్టనక్కర్లేదు. ప్రతి కేంద్రంలో గాలి ఆడే ఒక గదిని విడిగా కేటాయించి, ఇనుప లాకర్లు పెట్టించి, ఊరి మనిషి ఒకరికి నెల జీతం ఇచ్చి కూర్చోబెట్టాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు మందు కొట్టే రైతుకు ఆ వేళకు గది తెరిచి ఉండాలి. లేకపోతే సీసా మళ్లీ ఇంటికే పోతుంది. కేంద్రానికి దూరంగా ఉన్న తండాకు, శివారు పల్లెకు అక్కడే వేరే ఏర్పాటు కావాలి. దుకాణంలో కొన్న రోజునే మందు నేరుగా లాకరుకు చేరేలా చేస్తే ఇంట్లో రాత్రి గడిపే సీసాలు తగ్గుతాయి. రైతులను అడగకుండా హైదరాబాద్, అమరావతి నుంచి సర్క్యులర్లు పంపితే ఈ లాకర్లు కూడా కొన్నాళ్లకు తుప్పుపడతాయి.

లెక్కల తీరు మారాలి. నేర నమోదు సంస్థ పట్టికలో ‘పురుగుమందు’ అన్న ఒక్క గడి ఉంది. ఏ రసాయనం అన్నది అందులో ఉండదు. ఆ పేరు ఆసుపత్రి కేస్ షీటులో, పోలీసు పంచనామాలో ఉంటుంది. అక్కడి నుంచి ఎక్కడికీ పోదు. ఏ మందు ఎందరిని చంపుతోందో తెలియని చోట ఏ మందును ముందు తొలగించాలన్న ప్రశ్నకు తయారీదారుల జవాబే చివరి మాట అవుతోంది. 2022 నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం, 2030 నాటికి ఈ మరణాలను 10 శాతం తగ్గిస్తామని చెప్పింది. ప్రమాదకర పురుగుమందుల అందుబాటును తగ్గించాలన్నదీ అందులోని మాటే. ఆ మాట వ్యవసాయ శాఖ దాకా చేరిందనడానికి ఊళ్లలో ఏ గుర్తూ లేదు.

ఈ విషయంలో పత్రికలకూ బాధ్యత ఉంది. ఏ మందు, ఎంత, ఎక్కడ అన్న వివరాలతో శీర్షికలు పెట్టడం తప్పని తెలిసీ మా వృత్తిలో ఆ అలవాటు పూర్తిగా పోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలను ప్రెస్ కౌన్సిల్ 2019లో స్వీకరించింది. వాటికి కట్టుబడి ఉండటం మేము పాఠకులకు పడ్డ బాకీ. మనసు కుంగినవారు, వారిని చూసి కంగారుపడుతున్నవారు టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

వానాకాలం పత్తికి మందు కొట్టడం ఆగస్టులో ఊపందుకుంటుంది. అంతకు ముందే, మే, జూన్ నెలల్లో దుకాణాలకు సరుకు దిగుతుంది. ఏ మందులకు ఈ ఏడాది అనుమతి ఆపుతారో ఆలోపే రెండు రాష్ట్రాల వ్యవసాయ మంత్రులు ప్రకటించాలి. శాశ్వత నిషేధం కోరుతూ ఢిల్లీకి రాసే లేఖను శాసనసభ ముందు పెట్టాలి. జిల్లాకొక మండలంలోనైనా రైతు వేదికల్లో లాకర్లు తెరవాలి. మందు తాగి ఆసుపత్రికి వచ్చిన ప్రతి కేసులో ఆ మందు పేరును వారంలోగా కలెక్టరుకు పంపమని జిల్లా ఆసుపత్రుల సూపరింటెండెంట్లకు ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వుకు కావలసింది ఒక కాగితం, ఒక సంతకం.